కొలీజియంలో మా వరస

ఇవాళ శాన్ హోసేలో స్నేహితుడి కొడుకు సాకర్ మ్యాచ్ చూసి కారు దగ్గరికి నడుస్తున్నాం. గేటు బయట ఒకావిడ తోపుడు బండి మీద పెనం పెట్టుకుని ఉల్లిపాయ చీలికలు, పచ్చిమిరపకాయలు, బేకన్ చుట్టిన సాసేజీలు కాలుస్తోంది. ఉల్లిపాయల అంచులు మాడే ఆ వాసన తగిలేసరికి అక్కడే నిలబడిపోయాను.

"ఏమైంది?" అంది మా ఆవిడ.

"కొలీజియం" అన్నాను.

"ఇప్పుడు మొదలుపెట్టకండి, రిసెప్షన్‌కి లేటవుతోంది" అంది.

మొదలుపెట్టలేదు. రిసెప్షన్‌లో వధూవరుల మీద అక్షింతలు వేసి, బిర్యానీ తిని, అందరినీ పలకరించి ఇంటికొచ్చాం. ఆవిడ పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను.

ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కితే యూనియన్ సిటీ, సౌత్ హేవర్డ్, హేవర్డ్, బే ఫెయిర్, శాన్ లియాండ్రో, ఆ తర్వాత కొలీజియం. స్టేషన్లోంచి బయటపడితే పొడుగాటి నడక వంతెన. రెండు పక్కలా ఇనప జాలీ, కింద రైలు పట్టాలు, మురిక్కాలవ. అమెరికాలో అంత అందం చందం లేని దారి నేను ఇంకోటి చూడలేదు. ఆ వంతెన మీదే పెనాలు పెట్టుకుని హాట్‌డాగులు అమ్మేవాళ్ళు, ఐసు తొట్టెల్లో నీళ్ళ సీసాలు అమ్మేవాళ్ళు, దొంగ ముద్ర టోపీలు అమ్మేవాళ్ళు. "లోపల రేటు చూసి ఏడవద్దు, ఇక్కడే కొనుక్కోండి" అని అరుపులు. జనం పచ్చ, పసుపు చొక్కాల్లో ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ నడుస్తుంటే అవతల స్టేడియంలోంచి డప్పులు వినపడేవి. ఆట మొదలవకుండానే కొట్టేవాళ్ళు. గెలుస్తున్నా కొట్టేవాళ్ళు, పది పరుగుల తేడాతో ఓడిపోతున్నా కొట్టేవాళ్ళు.

ఆ స్టేడియంలో ఆడిన బేస్‌బాల్ జట్టు ఓక్లాండ్ అథ్లెటిక్స్. అందరూ 'ఏస్' అంటారు. 1968లో కాన్సస్ సిటీ నుంచి వచ్చి, 2024 దాకా అక్కడే ఆడింది. 1972, 73, 74లో వరసగా మూడేళ్ళు, మళ్ళీ 1989లో వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఫైనల్, గెలిచింది. అవన్నీ నేను రాకముందు సంగతులు. నేను వచ్చాక ఒక్కటీ లేదు. నాకు ముందు పుట్టినవాళ్ళు భోంచేసి వెళ్ళారు, నేను విస్తరి ముందు కూర్చునేసరికి గిన్నెలు ఖాళీ.

* * *

వై2కే హడావిడి చివర్లో వచ్చిన బ్యాచ్ మాది. 2001 ఎండాకాలానికి డాట్‌కామ్‌లు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. మా కన్సల్టెన్సీవాడు గెస్ట్ హౌస్ అని పేరు పెట్టి ఒక రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్లో మమ్మల్ని కుక్కాడు. అందరం బెంచ్ మీదే, అంటే ఎవరికీ ప్రాజెక్టు లేదు. పొద్దున్నే రెజ్యూమేలు పంపడం, మధ్యాహ్నం అన్నం వండుకుని గోంగూర పచ్చడి కలుపుకుని తినడం, సాయంత్రం ఇండియాకి ఫోన్ చేసి "ప్రాజెక్టు బావుంది నాన్నా" అని చెప్పడం. ఆ మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్ 281 కొడుతుంటే రాత్రంతా డయలప్ మీద పేజీ రిఫ్రెష్ చేసుకుంటూ కూర్చున్నాం. ఫాలో ఆన్ ఆడి గెలిచారని తేలగానే మేం వేసిన కేకలకి కిందింటివాళ్ళు చీపురు కర్రతో సీలింగు పొడిచారు.

మాతో ఒక గుంటూరు కుర్రాడు ఉండేవాడు. వాడు ఒకరోజు లాండ్రీ రూములో దొరికిన కాగితం తెచ్చాడు. బుధవారాలు బేస్‌బాల్ టికెట్ చవకట, హాట్‌డాగ్ ఒక డాలరేనట. "ఇంట్లో కూచుంటే మాత్రం ఉద్యోగం వస్తుందా, పదండ్రా" అన్నాడు. బయటి తిండి లోపలికి రానిస్తారని తెలిసి, మాంసం తినని వాడి కోసం అల్యూమినియం ఫాయిల్లో పులిహోర కట్టుకుని బయల్దేరాం.

మనకి క్రికెట్ వచ్చు కదా, ఇదేముందిలే అన్న ధీమా. మొదటి ఇన్నింగ్స్‌లోనే దిగిపోయింది. బ్యాటర్ బంతిని వెనక్కి కొడితే ఫౌల్ అంటారు. "లేట్ కట్ ఎంత బాగా ఆడాడ్రా, నాలుగు పరుగులు ఇవ్వరేంటి వీళ్ళు?" అని గుంటూరు కుర్రాడు నిజంగానే బాధపడ్డాడు. కొట్టగానే బ్యాటు పారేసి పరిగెత్తడం చూసి నవ్వుకున్నాం. ముగ్గురు అవుటైతే వంతు అయిపోతుందని, అలాంటి వంతులు తొమ్మిదని అర్థమవడానికి చాలాసేపు పట్టింది. మేం తెలుగులో వాదించుకుంటుంటే వెనక వరసలో ఒక పెద్దాయన విని విని, చివరికి ముందుకు వంగి నా భుజం తట్టాడు. "మీరేం మాట్లాడుకుంటున్నారో నాకు తెలీదు. కానీ మీ డౌటేంటో తెలుసు" అన్నాడు.

నల్లజాతి మనిషి. ఓక్లాండ్ పోర్టులో ఓడల్లోంచి కంటైనర్లు దించే పని చేసి రిటైరయ్యాడు. ఒళ్ళో అట్ట, అట్ట మీద గళ్ళ కాగితం, చెవి వెనక పెన్సిలు. పక్కన వేరుశెనక్కాయల సంచీ. తొక్కలు కిందే పోసేవాడు. ఆట చివరికి ఆయన బూట్ల చుట్టూ చిన్న గుట్ట తయారయ్యేది.

ఆ పెన్సిలూ కాగితమే నన్ను పట్టేసింది. మా చిన్నప్పుడు తెనాలిలో రేడియోలో కామెంటరీ వస్తుంటే మా చిన్నాన్న నోటుబుక్కు చివరి పేజీల్లో ఓవరు ఓవరూ రాసుకునేవాడు. బజార్లో కిళ్ళీకొట్టువాడు పలక మీద సుద్దతో స్కోరు రాసి వేలాడదీసేవాడు. వికెట్ పడితే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాసేవాడు. సైకిల్ మీద వెళ్ళేవాడు ఒక కాలు కింద పెట్టి ఆగి, చూసి, ఏదో ఒకటి తిట్టి వెళ్ళిపోయేవాడు. అలా రాసుకునేవాళ్ళు ఈ దేశంలోనూ ఉంటారని నేననుకోలేదు.

పెద్దాయన నేర్పిన లెక్క ఇది. మైదానంలో ప్రతి ఆటగాడికీ ఒక అంకె. బంతి విసిరే పిచర్ 1, బ్యాటర్ వెనక పట్టుకునే క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, లెఫ్ట్ ఫీల్డ్ 7, సెంటర్ 8, రైట్ 9. బంతి షార్ట్‌స్టాప్‌కి వెళ్ళి, అతను సెకండ్ బేస్‌కి, అతను ఫస్ట్ బేస్‌కి విసిరి ఇద్దర్ని అవుట్ చేస్తే 6-4-3 అని రాస్తారు. మూడు మంచి బంతులు కొట్టలేక అవుటైతే, అంటే స్ట్రైకౌట్ అయితే, 'కె'. బ్యాటు ఊపకుండా బొమ్మలా నిలబడి అవుటైతే ఆ 'కె'నే తిరగేసి రాస్తారు. తిరగేసిన 'కె' రాసేటప్పుడు పెద్దాయన పెన్సిల్ని కాస్త గట్టిగా నొక్కేవాడు. ఊపకుండా అవుటైనవాడి మీద ఆయనకి జాలి ఉండేది కాదు.

* * *

ఆ ఏడు ఏస్ మొదట్లో దారుణంగా ఆడి, తర్వాత పుంజుకుని 102 ఆటలు గెలిచారు. సీజన్‌కి 162 ఆటలు. అన్ని గెలిచినా, అక్టోబర్లో అయిదు ఆటల సిరీస్‌లో మూడు ఓడితే ఇంటికే. మొదటి రెండూ న్యూయార్క్‌లో యాంకీస్ మీద గెలిచి ఓక్లాండ్ వచ్చారు. ఇంకొక్కటి చాలు. అప్పటికి నాకు శాక్రమెంటోలో ప్రభుత్వ ప్రాజెక్టు దొరికింది కానీ శనివారం కాబట్టి గెస్ట్ హౌస్‌కే వచ్చి అందరం టీవీ ముందు చేరాం.

బేస్‌బాల్ చూసేవాళ్ళకి ఆ ఆట గురించి చెప్పక్కర్లేదు. యాంకీస్ 1-0 మీద ఉన్నారు. ఏడో ఇన్నింగ్స్. రైట్ ఫీల్డ్ మూలకి మా టెరెన్స్ లాంగ్ కొట్టాడు. జెరెమీ జియాంబీ ఫస్ట్ బేస్ నుంచి సెకండ్, థర్డ్ బేసులు చుట్టి హోమ్‌కి వస్తున్నాడు. అక్కడికి చేరితే పరుగు. ఫీల్డర్ విసిరిన బంతి అందరి తలల మీంచి పోయింది. పరుగు ఖాయం అని లేచి నిలబడ్డాం. అక్కడ ఏ సంబంధమూ లేని షార్ట్‌స్టాప్ డెరిక్ జీటర్ ఎక్కడినుంచి ఊడిపడ్డాడో, బంతి అందుకుని పక్కకి, క్యాచర్ చేతిలోకి తోశాడు. జియాంబీ నేల మీద పడి జారుతూ రాలేదు. నిలబడే వచ్చాడు. అవుట్. ఆట 1-0తో పోయింది, తర్వాత రెండూ పోయాయి.

గుంటూరు కుర్రాడు ఆ రాత్రి అన్నం తినలేదు. "జారొచ్చు కదరా" అని మాత్రం అన్నాడు. ఇప్పటికీ వాడు డాలస్ నుంచి ఫోన్ చేస్తే పిల్లల చదువులు, ఇంటి రేట్లు అన్నీ అయ్యాక చివర్లో ఆ మాట అంటాడు.

2000 నుంచి 2003 దాకా నాలుగేళ్ళు వరసగా ఇదే తంతు. ప్రతిసారీ అయిదు ఆటల సిరీస్, ప్రతిసారీ అయిదో ఆటలో ఓటమి. వేరే ఊళ్ళో పుట్టినవాడికి ఈ బాధ ఎందుకంటే చెప్పలేను. ఎవరూ బలవంతం చేయలేదు.

* * *

శాక్రమెంటో రోజుల్లో వారాంతాలు 80, 680 హైవేల మీద కారు. ఏసీ పనిచేయని పాత కరోలా. కిటికీ దించుకుని రేడియో గట్టిగా పెట్టేవాణ్ణి. బిల్ కింగ్ అని ఒకాయన కామెంటరీ చెప్పేవాడు. 1981 నుంచి ఏస్ ఆటలు ఆయనే చెబుతున్నాడు. మెలితిప్పిన మీసాలుండేవట. నాకు ఆయన గొంతు మాత్రమే తెలుసు. పిచర్ టోపీ సర్దుకోవడం, షార్ట్‌స్టాప్ రెండడుగులు ఎడమకి జరగడం, గాలి ఎటు వీస్తుందో అన్నీ చెప్పి, అప్పుడు బంతి. ఎవరైనా అద్భుతం చేస్తే "హోలీ టొలీడో!" అని కేక. దానికి అర్థమేంటని పెద్దాయన్ని అడిగితే "అర్థం ఎందుకు, విన్నావుగా" అన్నాడు. 2005 అక్టోబర్లో బిల్ కింగ్ పోయాడు. ఆ తర్వాతి సీజన్ నుంచి కారులో ఆట వింటుంటే ఖాళీగా ఉండేది. మిగతావాళ్ళు బాగా చెప్పరని కాదు. కెన్ కోరాక్ గొంతూ నాకిష్టమే.

2002లో ఆగస్టు మధ్య నుంచి ఏస్ ఓడిపోవడం మానేశారు. పద్దెనిమిది, పంతొమ్మిది. సెప్టెంబర్ 4న కాన్సస్ సిటీ మీద గెలిస్తే ఇరవై. అది బుధవారమే. ఆ రాత్రి 55,528 మంది వచ్చారు. మా వరసలో ఎప్పుడూ ఖాళీగా ఉండే సీట్లలో కూడా కొత్త మొహాలు. మూడు ఇన్నింగ్స్ అయ్యేసరికి 11-0. కొత్తవాళ్ళు ఫొటోలు తీసుకుంటున్నారు. పెద్దాయన మాత్రం తొక్కలు ఒలుచుకుంటూ "పిచ్చి జట్టు ఇది. రైలు టైము చూసుకోకు" అన్నాడు. కాన్సస్ సిటీ స్కోరు అయిదు, పది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 11-11. స్టేడియం మొత్తం గొంతు పట్టేసినట్టయింది. డప్పులు మాత్రం ఆగలేదు.

అప్పుడు స్కాట్ హాటెబర్గ్ వచ్చాడు. ఆ రోజు అసలు ఆడని మనిషి, మధ్యలో దింపారు. చేతి దెబ్బతో క్యాచర్ పని పోయి, ఏస్‌లో ఫస్ట్ బేస్ నేర్చుకున్నవాడు. బంతి కుడివైపు గోడ మీంచి పోయింది. హోమ్ రన్, గెలిచాం. పక్కనెవరున్నారో చూడకుండా వాటేసుకున్నాను. పులిహోర మీద ఎవరో కూర్చున్నారు. పెద్దాయన అంత గోలలోనూ ముందు గడిలో పరుగు గుర్తుగా వజ్రం గీసి, నింపి, అప్పుడు లేచి నిలబడ్డాడు.

ఆ సీజన్ మీద తర్వాత సినిమా కూడా వచ్చింది. ఆటగాళ్ళని ఎంచుకున్న లెక్కల గొప్పతనమంతా చూపించారు. హడ్సన్, మల్డర్, జీటో అనే ముగ్గురు పిచర్లు ఆ జట్టుని మోశారన్న సంగతి అందులో ఎక్కడా కనపడదు. జీటోకి ఆ ఏడాది ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు, తెహాడాకి ఉత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ వచ్చాయి. సినిమా చూసి "ఓహో, ఇదా మీ టీము" అన్నవాళ్ళందరికీ ఈ క్లాసు పీకుతుంటాను.

* * *

ఆ పేర్లు రాస్తుంటేనే ఒక్కొక్కరూ ఎటు పోయారో గుర్తొస్తోంది. తెహాడా బాల్టిమోర్. హడ్సన్ అట్లాంటా, మల్డర్ సెయింట్ లూయిస్, ఇద్దరూ ఒకే వారంలో. జీటో అయితే బే అవతల శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కే, ఏడేళ్ళకి 126 మిలియన్ డాలర్లకి. ఏస్ దగ్గర డబ్బు లేదు, లేదా ఉన్నా తీయరు. కుర్రాణ్ణి తెచ్చి, పెంచి, ఊరంతా వాడి పేరు పలకడం మొదలుపెట్టగానే పంపేస్తారు. నాకు వాళ్ళ మీద కోపం వచ్చేది కాదు. నన్నూ అలాగే ఒక క్లయింట్ నుంచి ఇంకో క్లయింట్‌కి పంపుతున్నారు. శుక్రవారం ఫోన్ వస్తుంది, సోమవారం వేరే ఊరు. ఆటగాళ్ళకి కనీసం విమానాశ్రయంలో ఎవరైనా ఎదురొస్తారు.

మా అమ్మాయి పెద్దయ్యాక ఇది ఇంట్లో జోకైపోయింది. దానికి సెస్పెడెస్ జెర్సీ కొన్నాం, 2014 జులైలో బోస్టన్‌కి ఇచ్చేశారు. ఏడుస్తుంటే డొనాల్డ్‌సన్‌ది కొన్నాం. నవంబర్లో అతన్ని టొరంటోకి ఇచ్చారు. అక్కడికెళ్ళి మరుసటి ఏడే ఎంవీపీ అయ్యాడు. కొన్నేళ్ళాగి ధైర్యం చేసి మాట్ ఓల్సన్‌ది కొన్నాం. 2022 మార్చిలో అట్లాంటా. "మనింట్లో ఎవరి చొక్కా ఉంటే వాడి సూట్‌కేసు సర్దుకోవాల్సిందే" అనేది మా ఆవిడ. ఆ మూడూ ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. పారెయ్యనివ్వదు అమ్మాయి.

2012 గురించి ఒక్క ముక్క. జూన్ చివర్లో టెక్సస్ కన్నా పదమూడు ఆటలు వెనక. ఆఖరి రోజు అదే టెక్సస్‌ని ఓడించి డివిజన్‌లో, అంటే తమ గ్రూపులో, మొదటి స్థానం గెలిచారు. సెంటర్ ఫీల్డ్‌లో వాళ్ళ జాష్ హామిల్టన్ చేతిలో పడ్డ బంతి జారిపోయింది. ఆ వారం ఆఫీసులో నాతో ఎవరు ఏ పని చెప్పినా చేసిపెట్టాను. తర్వాతి వారం డెట్రాయిట్ పిచర్ వెర్లాండర్ వచ్చి అయిదో ఆటలో ఒక్క పరుగు ఇవ్వకుండా ఇంటికి పంపాడు. మరుసటి ఏడూ అదే అయిదో ఆట, అదే వెర్లాండర్. ఇంక చెప్పను.

* * *

అమ్మ తెనాలి నుంచి మొదటిసారి వచ్చింది 2010లో. మే 9, ఆదివారం, ఇక్కడివాళ్ళ మదర్స్ డే. రెస్టారెంట్లన్నీ కిటకిటలాడతాయి, అందుకని ఆటకి తీసుకెళ్ళాను. చీర మీద నా జాకెట్, కాళ్ళకి సాక్సు, చేతిలో చేగోడీల డబ్బా. స్టేడియంలో 12,228 మందే. ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు గానీ మా వరసకే వెళ్ళాం. పెద్దాయన లేచి నిలబడి టోపీ తీశాడు. అమ్మ ఆయనకి నాలుగు చేగోడీలు పెట్టింది. ఆయన వేరుశెనక్కాయలు పెట్టాడు. "కాస్త ఎక్కువ వేపారు" అంది నాతో.

ఏస్ పిచర్ డాలస్ బ్రేడెన్. స్టాక్టన్ కుర్రాడు. పెద్ద వేగం ఉండదు. అవతల టాంపా బే, మంచి ఫామ్‌లో ఉన్న జట్టు. మూడు, నాలుగు ఇన్నింగ్స్ గడిచాయి. అమ్మ ఆవలించింది.

"ఏరా, వాళ్ళ వంతు వచ్చినప్పుడు ఒక్కడూ పరిగెత్తట్లేదేంటి? వచ్చినవాడు వచ్చినట్టే పోతున్నాడు. ఏమీ జరగదా ఈ ఆటలో?"

జవాబు చెప్పబోయాను. వెనకనుంచి పెద్దాయన నా వీపు మీద పెన్సిల్‌తో పొడిచి, పెదాల మీద వేలు పెట్టాడు. ఒక్క బ్యాటర్‌ని కూడా బేస్ మీదకి రానివ్వకుండా ఇరవై ఏడుగుర్నీ అవుట్ చేస్తే దాన్ని పర్ఫెక్ట్ గేమ్ అంటారు. ఆ మాట ఆట జరుగుతుండగా నోటితో అనకూడదు. డగౌట్లో ఆ పిచర్ పక్కన కూడా ఎవరూ కూర్చోరు. ఏడో ఇన్నింగ్స్‌లో అమ్మ చెవిలో చెప్పాను: "ఆ అబ్బాయి పొద్దుట్నుంచీ ఒక్కణ్ణీ దాటనివ్వలేదమ్మా. కానీ పైకి అనకూడదట."

"అనకూడదు మరి. దిష్టి కొట్టదూ?" అంది అమ్మ. తర్వాత ఆవలించలేదు. ముందు వరసలో ఒక కుర్రాడు వేళ్ళు చూపిస్తూ ఇంకా ఎంతమంది ఉన్నారో లెక్కపెడుతుంటే "ష్!" అని కసిరింది. వాడికి తెలుగు అక్కర్లేకపోయింది.

ఆఖరి బంతి షార్ట్‌స్టాప్ పెన్నింగ్టన్ వైపు దొర్లింది. ఫస్ట్ బేస్‌కి విసిరాడు. 6-3. మేజర్ లీగ్ చరిత్రలో అది పంతొమ్మిదో పర్ఫెక్ట్ గేమ్. గుంపులోంచి ఒక ముసలావిడ మైదానంలోకి వచ్చింది. బ్రేడెన్ ఆవిణ్ణి పట్టుకుని వదల్లేదు. అమ్మమ్మ అని చెప్పాను. హైస్కూల్లో ఉండగా తల్లి క్యాన్సర్‌తో పోతే ఆవిడే సాకిందని, ఇవాళ అమ్మల పండగని కూడా చెప్పాను. అమ్మ జాకెట్ జిప్పు లాగి పమిట చెంగు బయటికి తీసి కళ్ళు తుడుచుకుంది. కారెక్కాక చాలాసేపు మాట్లాడలేదు. హేవర్డ్ దాటాక, "ఇంటికెళ్ళాక ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వెయ్యమని ఎవరైనా చెబితే బావుండు ఆవిడకి" అంది.

పెద్దాయన ఆ రోజు షీటు జిరాక్సు తీయించి తర్వాతి ఆదివారం అమ్మకి తెచ్చి ఇచ్చాడు. అసలుది ఎవరికిస్తాడు! టాంపా బే వైపు గళ్ళలో ఒక్క వజ్రమూ గీయని కాగితం. అమ్మ దాన్ని తెనాలి పట్టుకెళ్ళి, వచ్చినవాళ్ళందరికీ చూపించి, "ఏమీ జరక్కపోతేనే గొప్పట" అని వివరించేది.

* * *

స్టేడియం మాత్రం పాడుబడిపోయింది. నిజం చెప్పుకోవాలి. 90ల్లో ఫుట్‌బాల్ జట్టు రైడర్స్‌ని వెనక్కి తేవడానికి సెంటర్ ఫీల్డ్ వెనక కొండంత కాంక్రీటు గోడలా స్టాండు కట్టి, నిజం కొండల్ని కనపడకుండా చేశారు. పైవరసలు ఖాళీగా కనపడుతున్నాయని 2006లో టార్పాలిన్లు కప్పారు. 2013లో మురుగునీరు పొంగి డ్రెస్సింగ్ రూముల్లోకి వచ్చింది. 2023లో ప్రత్యర్థుల కామెంటరీ గదిలో ఒక పోసమ్, పిల్లి అంత ఉండే జంతువు, కాపురం పెట్టి, న్యూయార్క్‌వాళ్ళు వేరే గది వెతుక్కోవాల్సి వచ్చింది. మేం ఇవన్నీ కథలుగా చెప్పుకుని నవ్వేవాళ్ళం. బయటివాడు నవ్వితే మాత్రం ఊరుకునేవాళ్ళం కాదు.

2020లో జనాన్ని రానివ్వలేదు. డబ్బు కడితే మన ఫొటో అట్ట బొమ్మ చేసి సీట్లో పెట్టేవాళ్ళు. పెద్దాయనకి అప్పటికే ఆరోగ్యం బాగోలేదు. కూతురు ఆయన బొమ్మ పెట్టించింది, చెవి వెనక పెన్సిల్‌తో సహా. "తొక్కలు మాత్రం ఎవరు పోస్తారు" అన్నాడు ఫోన్లో. మరుసటి ఏడు పోయాడు. చర్చిలో సగం మంది పచ్చ టోపీలతో వచ్చారు. నేనూ పెట్టుకుని వెళ్ళాను. గుమ్మంలో తీద్దామా వద్దా అని చూస్తుంటే వాళ్ళావిడ "ఉంచు" అంది.

ఆ తర్వాతి మూడేళ్ళు ఆయన చూడకపోవడమే మంచిదైంది. అమ్మగలిగినవాళ్ళందర్నీ పంపేశారు. 2023లో 112 ఓటములు. జట్టుని లాస్ వేగస్ తీసుకెళ్తామని ఓనరు తేల్చేశాడు. "జనం రావట్లేదు" అన్నది వాళ్ళ వాదన. ఆటగాళ్ళని అమ్మేసి, టికెట్ రేట్లు పెంచేసి, జనం రావట్లేదంటే ఏం చెప్పాలి? అందుకే అభిమానులే పిలుపిచ్చారు, జూన్ 13న అందరూ రండి, మేం ఉన్నామని చూపిద్దాం అని. 27,759 మంది వచ్చారు. పచ్చ చొక్కాల మీద 'సెల్', అంటే అమ్మెయ్యి, అని ఒకే మాట. అయిదో ఇన్నింగ్స్ మొదట్లో అందరం నోరు మూసుకుని నిలబడ్డాం. డప్పులు కూడా ఆపేశారు. మొదటి బ్యాటర్ అయ్యాక ఒక్కసారిగా "సెల్ ద టీమ్". ఆ దిక్కుమాలిన జట్టు ఆ రాత్రి 2-1తో గెలిచింది, అదీ వరసగా ఏడో గెలుపు. సరిగ్గా ఆ రోజే నెవాడా సెనేట్ కొత్త స్టేడియానికి 380 మిలియన్ డాలర్ల దాకా ఇచ్చే బిల్లు పాస్ చేసింది. నవంబర్లో మిగతా జట్ల ఓనర్లందరూ ఏకగ్రీవంగా సరేనన్నారు. ఒక్కడైనా కాదంటాడనుకున్నాను.

2024 సెప్టెంబర్ 26, గురువారం మధ్యాహ్నం, చివరి ఆట. సెలవు పెట్టాను. అమ్మాయి కాలేజీ క్లాసులు ఎగ్గొట్టి వచ్చింది. నేనేమీ అనలేదు. 46,889 మంది. రికీ హెండర్సన్, డేవ్ స్టూవర్ట్ మొదటి బంతులు విసిరారు. రికీ ఓక్లాండ్‌లో పెరిగినవాడు, 1,406 బేసులు దొంగిలించినవాడు, అంటే పిచర్ కన్నుగప్పి తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరినవాడు, ఆ మైదానానికే అతని పేరు. బుర్రిపాలెం కృష్ణగారి గురించి మా తెనాలివాళ్ళు చెప్పుకున్నట్టు, ఓక్లాండ్‌లో ఒక వయసు దాటినవాళ్ళందరూ రికీ మా వీధివాడే అంటారు. పెద్దాయనా అనేవాడు. ఆ డిసెంబర్లోనే రికీ పోయాడు, అరవై ఆరో పుట్టినరోజుకి అయిదు రోజుల ముందు.

ఆట 3-2తో గెలిచారు. ఆఖరి అవుట్ 5-3, థర్డ్ బేస్ నుంచి ఫస్ట్ బేస్‌కి. మేనేజర్ కాట్సే మైకు పట్టుకుని "లెట్స్ గో ఓక్లాండ్" అనిపించాడు. మా పక్కన ఆరడుగుల మనిషి వెక్కి వెక్కి ఏడుస్తుంటే అమ్మాయి బ్యాగులోంచి టిష్యూలు తీసిచ్చింది. మా ఆవిడ సీట్ల నంబరు ప్లేటు ఫొటో తీసింది. వంతెన మీద హాట్‌డాగుల వాళ్ళ దగ్గర సరుకు అయిపోయింది.

* * *

ఇప్పుడు జట్టు వెస్ట్ శాక్రమెంటోలో చిన్న స్టేడియంలో ఆడుతోంది, వేగస్‌లో కొత్తది కట్టేదాకా. పేరు ముందు ఊరు లేదు, ఒట్టి అథ్లెటిక్స్. చూడకూడదని ఒట్టేసుకున్నాను. 2025 జులైలో నిక్ కర్ట్జ్ అనే కొత్త కుర్రాడు హ్యూస్టన్‌లో ఒకే ఆటలో నాలుగు హోమ్ రన్లు కొట్టాడు, ఆరుసార్లు వచ్చి ఆరుసార్లూ హిట్టే. ఫోన్లో స్కోరు చూస్తూ మూడోదానికే సోఫాలోంచి లేచాను. నాలుగోదానికి కేక పెట్టాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, "ఒట్టు?" అంది. ఆ పిల్లాడేం చేశాడు చెప్పండి.

అమ్మాయి నన్ను ఓక్లాండ్ బాలర్స్ ఆటకి లాక్కెళ్ళింది. 2024లో ఆడటం మొదలుపెట్టిన చిన్న లీగ్ జట్టు, వెస్ట్ ఓక్లాండ్‌లో రైమండి పార్కులో ఆడతారు. చెక్క బల్లలు, పిల్లలు, కుక్కలు. డప్పులవాళ్ళు అక్కడా చేరారు. నా పక్కన కొత్తగా ఎంఎస్‌కి వచ్చిన తెలుగు కుర్రాళ్ళు కూర్చున్నారు, ఉద్యోగాల మార్కెట్ ఎంత దారుణంగా ఉందో మాట్లాడుకుంటూ. ఒకడు ఫౌల్ బంతి చూసి "ఇది ఫోర్ కాదా బ్రో?" అన్నాడు. పక్కకి తిరిగి, అంకెలతో మొదలుపెట్టాను. పిచర్ 1, క్యాచర్ 2.

ఆ ఆట టై అయింది. ఈ లీగ్‌లో టై అయితే ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ ఉండవట, హోమ్ రన్ల పోటీ పెట్టి తేల్చేస్తారు. కుర్రాళ్ళకి భలే నచ్చింది, "సూపర్ ఓవర్ లాగా అంకుల్" అన్నారు. నాకు నచ్చలేదు. పెద్దాయనైతే లేచి వెళ్ళిపోయేవాడు. దాన్ని స్కోరు షీట్లో ఎలా రాయాలో కూడా ఎవరికీ తెలీదు. దానికి గడే లేదు. అమ్మాయి పెన్సిల్ లాక్కుని మార్జిన్‌లో నిలువుగా రాసింది, పక్కన ఒక నవ్వు మొహం బొమ్మ కూడా వేసింది. చెరిపెయ్యమన్నాను, వినలేదు.